38 వేలు పెట్టి చెవి మిషన్ కొన్నాం, నాయన బీరువాలో పెట్టేశాడు. ఇంప్లాంట్ వేయించాలా?

మామిడితోట (చిత్తూరు):

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాయనకు 69 ఏళ్లు. ఆర్టీసీ డ్రైవరుగా రిటైర్ అయినాడు. షుగర్ ఉంది, కంట్రోల్‌లోనే ఉంది. ఐదారేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చింది, మేమే పట్టించుకోలేదు. ముందు టీవీ సౌండ్ పెరిగింది, తర్వాత ఫోన్ మోగితే అమ్మ చేతికిచ్చి ‘నువ్వే మాట్లాడు’ అనడం మొదలైంది, ఇప్పుడైతే సాయంత్రం టీ అంగడి దగ్గర కూర్చోవడం కూడా మానేశాడు. ఎందుకని అడిగితే ‘వాళ్లంతా నోట్లో నోట్లో మాట్లాడుకుంటారు’ అంటాడు. మొన్న అమ్మ పెరట్లోంచి ‘పాలు చూడండి’ అని కేకేస్తే, ఈయన పేపర్ పక్కన పడేసి పరుగున వెళ్లి ‘కాలుకేమైంది?’ అని వంగి చూస్తున్నాడు. ఈలోపల పాలు పొంగి స్టవ్వంతా అయింది. అందరం నవ్వేశాం. ఆయన నవ్వలేదు.

మూడు నెలల క్రితం తిరుపతిలో ఒక షాపుకు తీసుకెళ్లినా. రోడ్డు మీదికే ఉండే షాపు, బయట ఆటోల హారన్లు లోపలికి వినిపిస్తానే ఉన్నాయి. ఆ కౌంటర్ దగ్గరే హెడ్‌ఫోన్ పెట్టి పది నిమిషాల్లో టెస్ట్ అయిపోయింది. కాగితం మీద కుడి చెవి 58, ఎడమ 62 అని రాసిచ్చారు. 38,000 రూపాయల మిషన్ ఒకటి, ఎడమ చెవికి పెట్టి పంపించారు. నాయన పదకొండు రోజులు పెట్టుకున్నాడు. అమ్మ గిన్నె కింద పెడితే తల్లో గంట కొట్టినట్టుందంట, దవడ కదిలిస్తే మిషన్ కూ అని కూస్తుందంట. పన్నెండో రోజు దాన్ని పాత వాచీ డబ్బాలో పెట్టి బీరువాలో దాచేశాడు. మళ్లీ షాపుకు పోతే ‘ఇది బేసిక్ మోడల్ సార్, 1,40,000ది తీసుకోండి, అందులో గోల ఉండదు’ అన్నారు. ఇంకోపక్క మా బావమరిది ‘ఆ మిషన్లన్నీ వేస్ట్, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టేది) వేయించేయండి, ఆరోగ్యశ్రీలో ఫ్రీ’ అంటున్నాడు. నాకు ఏది నమ్మాలో తెలియట్లేదు. ఎవరైనా వాడినవాళ్లు, తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

రేణిగుంట ప్యాసింజర్:

తమ్ముడూ, నేను పద్నాలుగేళ్లుగా రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుని తిరుగుతున్నవాణ్ణి. మీ నాయన చేసిందే నేనూ చేశా. మొదటి మిషన్ నా బట్టల అలమరలో ఏడాదిన్నర పడుకుంది.

ముందు ఒక మాట. పదకొండు రోజులు చాలవు. ఐదారేళ్లుగా సగం నిశ్శబ్దంలో ఉన్న బుర్రకి ఒక్కసారిగా ఫ్యాను చప్పుడు, చెప్పుల చప్పుడు, పేపర్ పేజీ తిప్పిన చప్పుడు అన్నీ తెచ్చి పోస్తే తట్టుకోలేదు. నాకు మొదటి వారం నా అన్నం నేను నములుతున్న చప్పుడే భరించలేనంతగా ఉండేది. మొదటిరోజు ఇంట్లో గంటో రెండు గంటలో, ఒక్క మనిషితోనే మాట్లాడుతూ పెట్టుకోవాలి, రోజుకి కాస్త పెంచుకుంటూ పోవాలి, బజారు, పెళ్లి, బస్టాండ్ చివరికి. మీరు మొదటిరోజే తిరుపతి బస్టాండ్‌లోంచి ఆయనకి మిషన్ పెట్టించి తీసుకొచ్చి ఉంటారు, అవునా?

ఇక ఆ కూత. మిషన్ లోంచి పెరిగి వచ్చిన సౌండ్ చెవిలోకి పోకుండా సందులోంచి బయటికి కారి, మళ్లీ మైకులోకే దూరితే కూస్తుంది. చెవిలో పెట్టే రబ్బరు బుడిపె లూజుగా ఉన్నా కూస్తుంది, చెవిలో గుబిలి గట్టిపడి అడ్డం ఉన్నా కూస్తుంది. దవడ కదిలిస్తేనే కూస్తోందంటే నా అనుమానం ఆ బుడిపె మీదే. ఆయన చెవి కొలత తీసి మోల్డ్ చేయించాలి. చెవిలోకి పేస్టులాంటిది ఎక్కించి, గట్టిపడ్డాక తీసి అచ్చు పోస్తారు, రెండు నిమిషాల పని, నొప్పేమీ ఉండదు.

బ్యాటరీ ఎలా వేస్తున్నారో కూడా చూడండి. వెనక ఉన్న స్టిక్కర్ పీకగానే మిషన్‌లో వేసేయకూడదు. అది గాలి తగిలితే పనిచేసే రకం, పీకాక ఒకట్రెండు నిమిషాలు బయట పెట్టి వేస్తే ఎక్కువ రోజులు వస్తుంది. స్టిక్కర్ రంగును బట్టి సైజు: నారింజ రంగు 13, గోధుమ రంగు 312, నీలం 675, పసుపు 10. అంగట్లో నంబర్ మర్చిపోయినా రంగు చెబితే ఇస్తారు. స్టిక్కర్ తీయాలని తెలియని పెద్దాయన ఒకాయన మా వీధిలో స్టిక్కర్‌తోనే వేసుకుని ‘చచ్చిన బ్యాటరీలు అమ్మారు’ అని నెలరోజులు తిట్టుకున్నాడు.

రాత్రి తీసి వాచీ డబ్బాలో వద్దు, బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే గుళికలుండే డబ్బాలో పెట్టమనండి. మన ఎండల్లో చెవి వెనక చెమట మిషన్‌కి మొదటి శత్రువు.

ఊరకే_ఒక_మాట:

38 వేలు, లక్షా నలభై... దోపిడీ కాకపోతే ఏంటి. ఆన్‌లైన్‌లో 1,500కి వస్తున్నాయి, ఛార్జింగ్‌వి. మా పెదనాన్నకి అదే కొన్నాం.

రేణిగుంట ప్యాసింజర్:

పెదనాన్న ఇప్పటికీ పెట్టుకుంటున్నాడా అన్నా?

ఊరకే_ఒక_మాట:

లేదు, చెవి నొప్పి అన్నాడు.

ఆడియోగ్రామ్_అబ్బాయి:

నేను ఆడియాలజిస్టుని (వినికిడి పరీక్షించి మిషన్లు సెట్ చేసేవాణ్ణి), మాది తిరుపతే, ఇప్పుడు బెంగళూరులో పనిచేస్తున్నా. పైన 1,500 మిషన్ సంగతి ముందు చెప్పేస్తా. అది అన్ని శబ్దాల్నీ ఒకే లెక్కన పెంచుతుంది. అసలు హియరింగ్ ఎయిడ్ అంటే ఎక్కడ ఎంత తగ్గిందో అక్కడ అంతే పెంచాలి. ఆ తేడా అర్థం కావాలంటే ఆడియోగ్రామ్, అంటే వినికిడి టెస్ట్ గ్రాఫ్ చూడాలి. మామిడితోట గారూ, మీ దగ్గర ఉన్న కాగితంలో 58, 62 అని సగటు మాత్రమే కాకుండా కింద గీతలతో గ్రాఫ్ ఉందా? కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమకి నీలం ఇంటూ గుర్తులు ఉంటాయి. 500, 1000, 2000, 4000 (ఇవి హెర్ట్జ్‌లు, అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది) దగ్గర అంకెలు (ఇవి డెసిబెల్స్, ఎంత ఎక్కువుంటే వినికిడి అంత తగ్గినట్టు) ఎంతో పెట్టండి.

మామిడితోట (చిత్తూరు):

ఉంది సార్. కుడి: 500 దగ్గర 45, 1000 దగ్గర 55, 2000 దగ్గర 75, 4000 దగ్గర 85. ఎడమ: 50, 60, 75, 85.

ఆడియోగ్రామ్_అబ్బాయి:

అనుకున్నట్టే ఉంది. కాకపోతే హారన్ల మధ్య తీసిన టెస్ట్ కాబట్టి ఈ అంకెల్ని నేను పూర్తిగా నమ్మను, సౌండ్‌ప్రూఫ్ గదిలో మళ్లీ చేయించాలి. ప్రస్తుతానికి ఇవే నిజమనుకుని చెబుతా.

మొదటి మూడు అంకెల సగటే మీకు రాసిచ్చిన 58, 62. సగటు చూస్తే అసలు కథ కనపడదు. 500 దగ్గర 45, 4000 దగ్గర 85, అంటే గ్రాఫ్ మెట్లు దిగినట్టు కుడివైపుకి కిందికి పోతోంది. వయసుతో, చప్పుడులో ఏళ్లకేళ్లు పనిచేయడంతో వచ్చే వినికిడి లోపం చాలావరకు ఇలాగే ఉంటుంది, సన్నటి శబ్దాలు ముందు పోతాయి, బొంగురు శబ్దాలు నిలబడతాయి. మన మాటలో ఆ, ఈ, ఊ లాంటి అచ్చుల బలం 500 లాంటి చిన్న అంకెల దగ్గర ఉంటుంది, స, చ, త, క, ప లాంటి అక్షరాల్ని ఒకదాన్నుంచి ఒకటి వేరు చేసే సన్నటి చప్పుడు చాలావరకు 2000, 4000 లాంటి పెద్ద అంకెల దగ్గర ఉంటుంది. మీ నాయనగారికి ‘పాలు’లో ‘ఆ’ వినపడింది, ‘లు’ వినపడింది, ముందున్న ‘ప్’ జారిపోయింది. ఖాళీని బుర్ర ‘క్’తో పూడ్చుకుంది. అందుకే ‘నోట్లో నోట్లో మాట్లాడుకుంటున్నారు’ అంటారు. ఆయనకు నిజంగానే అలాగే వినపడుతోంది.

గిన్నె చప్పుడు తల్లో మోగడానికి కూడా కారణం ఉంది. లోపలి చెవిలోని వెంట్రుకల కణాలు దెబ్బతింటే మెల్లటి శబ్దం అస్సలు వినపడదు, కానీ గట్టి శబ్దం మాత్రం మనకున్నంత గట్టిగానే, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా తగులుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న ఇరుకు సందులో మిషన్‌ని సెట్ చేయాలి. మెల్లటివి ఎక్కువ పెంచాలి, గట్టివి తక్కువ పెంచాలి, ఒక హద్దు దాటకుండా ఆపాలి. ఇది కంప్యూటర్‌కి తగిలించి చేసే పని. ఒక్కసారితో అయ్యేది కాదు, రెండు మూడు సార్లు వెళ్లాలి, ‘గిన్నె చప్పుడు ఎక్కువుంది, మనవరాలి గొంతు అందట్లేదు’ అని ఆయనే చెప్పాలి. చెవిలోకి సన్నటి ట్యూబు పెట్టి మిషన్ చెవి లోపల నిజంగా ఎంత సౌండ్ ఇస్తోందో కొలిచే సౌకర్యం ఉన్నచోట చేయిస్తే ఇంకా మంచిది. మీ 38 వేల మిషన్ చెడ్డదని నాకు అనిపించట్లేదు, దాన్ని ఎవరూ సరిగ్గా సెట్ చేయలేదనిపిస్తోంది. 1,40,000ది కొని ఇలాగే పెట్టి పంపిస్తే అదీ బీరువాకే పోతుంది, డబ్బాలు రెండవుతాయి అంతే. ఖరీదైన వాటిలో నాలుగు వైపుల గోలలోంచి ఎదురుగా ఉన్న గొంతుని పట్టుకోవడం, ఫోన్‌కి బ్లూటూత్ లాంటివి మెరుగ్గా ఉంటాయి, అది నిజమే. ఇంట్లో, టీ అంగట్లో కూర్చునే మనిషికి అవన్నీ కావాలా అన్నది ట్రయల్ తీసుకుని తేల్చుకోండి. వారం పది రోజులు ట్రయల్ ఇవ్వనివాడి దగ్గర కొనొద్దు. హియరింగ్ ఎయిడ్‌కి జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి.

రెండు చెవులూ దాదాపు ఒకేలా ఉన్నాయి కాబట్టి రెండింటికీ పెట్టుకుంటే బాగుంటుంది. మాట ఏ వైపు నుంచి వస్తోందో తెలియాలన్నా, గోలలో పట్టుకోవాలన్నా రెండు చెవులూ కావాలి. కానీ ముందు ఉన్నదాన్ని దారిలో పెట్టండి.

ఇంప్లాంట్: ఈ గ్రాఫ్‌కి అవసరం లేదు. పెద్దవాళ్లకి ఇంప్లాంట్ వేయరని కాదు, దానికి పై వయసు పరిమితి అంటూ ఏమీ లేదు. కానీ సరిగ్గా సెట్ చేసిన మిషన్ పెట్టుకున్నాక కూడా మాట అర్థం కావడం చాలా తక్కువగా ఉంటేనే దాని గురించి ఆలోచిస్తాం. ఆపరేషన్‌లో ఎలక్ట్రోడ్ తీగని లోపలి చెవి నత్తగుల్లలోకి దూరుస్తారు, ఆ చెవిలో మిగిలి ఉన్న సహజ వినికిడి పోయే అవకాశం ఉంటుంది. 45, 55 ఇంకా మిగిలి ఉన్న చెవిని పణంగా పెట్టాల్సిన పనేముంది?

ఎక్కడికి వెళ్లాలంటే, ముందు ఈఎన్‌టీ డాక్టర్. గుబిలి ఉందా, కర్ణభేరికి చిల్లు ఉందా చూడకుండా మిషన్ పెట్టడమే మొదటి తప్పు. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది. మీరు చిత్తూరులోనే ఉన్నారు కాబట్టి వేలూరు సీఎంసీ మీకు తిరుపతి కన్నా దగ్గర. అక్కడ ఈఎన్‌టీ, ఆడియాలజీ, ఇంప్లాంట్ అన్నీ ఒకేచోట ఉంటాయి, రద్దీకి సిద్ధపడి తెల్లారే బయల్దేరండి.

ఇంకొకటి, ఇది మీకు కాదు, చదివే అందరికీ. పొద్దున లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే జలుబనుకుని, నూనె పోసుకుని వారం ఆగొద్దు. అదే రోజు, లేదంటే మర్నాడైనా ఈఎన్‌టీ దగ్గరికి పోవాలి. మొదటి కొద్ది రోజుల్లో స్టెరాయిడ్లు మొదలుపెడితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. వెచ్చటి నూనె పోసుకుని నెల తర్వాత వచ్చినవాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పుత్తూరు అమ్మ:

ఇంప్లాంట్ అంటే ఫ్రీగా వేయించేస్తే అయిపోతుంది అనేవాళ్లకి నాదొక మాట. మా పాపకి వేయించాం, అందుకే చెబుతున్నా. పాప ఏడాది దాటినా పిలిస్తే తిరిగేది కాదు, మా అత్తమ్మ ‘మొండిది, మీ ఆయన కూడా చిన్నప్పుడు ఇంతే’ అనేది. ఒకరోజు పాప వెనక ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసింది, నేనే ఉలిక్కిపడ్డా, అది బొమ్మ వైపే చూస్తోంది. ఆ రోజు నాకు తెలిసిపోయింది. నిద్రపుచ్చి బేరా టెస్ట్ (చప్పుడుకి మెదడు దాకా స్పందన వస్తోందో లేదో చూసేది) చేస్తే రెండు చెవులూ 90 దాటేశాయి. కొన్ని నెలలు మిషన్లు పెట్టి చూశారు, లాభం లేదన్నాకే ఆపరేషన్. మాకు ప్రభుత్వ పథకంలోనే అయింది. ఆ పథకం ఉన్నది పుట్టుకతో వినపడని చిన్నపిల్లల కోసం, వయసు హద్దులు ఉంటాయి, 69 ఏళ్ల ఆయనకు కాదు. కేంద్రం వాళ్లది కూడా ఒకటుంది, అడిప్ అంటారు, ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థ చూస్తుంది, అందులోనూ ఇంప్లాంట్ పిల్లలకే.

ఆపరేషన్ కుట్లు మానాక, మూడు వారాలకి అనుకుంటా, బయటి మిషన్ పెట్టి స్విచ్ వేశారు. సినిమాల్లోలాగా నవ్వుతుందనుకుని మా ఆయన ఫోన్‌లో వీడియో పట్టుకుని నిలబడ్డాడు. పాప ఒక్కసారి బిగుసుకుపోయి, గుక్కపట్టి ఏడ్చి, ఆ అయస్కాంతం బిళ్ల పీకి నేలకేసి కొట్టింది. ఆ వీడియో ఇంతవరకు ఎవరికీ చూపించలేదు. అది మాట వినడం కాదు, కరెంటు సంకేతాలు, వాటిని మాటగా అర్థం చేసుకోవడం బుర్ర నేర్చుకోవాలి. మ్యాపింగ్‌కి (ఇంప్లాంట్ సెట్టింగ్ సరిచేయడానికి) ఎన్నిసార్లు తిరిగామో, థెరపీకి వారానికి రెండుసార్లు తిరుపతి బస్సు. ఇంట్లో నేను దోసె పోస్తూ ‘పిండి, గరిటె, చుర్రుమంది చూడు’ అని పొద్దస్తమానం వాగేదాన్ని. స్విచ్ వేసిన ఏడు నెలలకి ‘మ్మా, దోత’ అంది.

వేయించుకోవద్దని చెప్పట్లేదు. అది లేకపోతే పాప ఇప్పుడు స్కూల్లో పాటలు పాడేది కాదు. కానీ ఆపరేషన్ ఫ్రీ అయినా తర్వాత తీగ తెగితే, ఆ అయస్కాంతం బిళ్ల (కాయిల్) పోతే, గ్యారంటీ అయిపోయాక అన్నీ మన జేబులోంచే. ఇవి ఎవరూ ముందు చెప్పరు.

చేతిమాట:

నేను పుట్టుకతో వినపడనివాణ్ణి. తిరుపతిలో టీటీడీ బధిర పాఠశాలలో చదువుకున్నా. మిషన్ పెట్టుకోను, ఇంప్లాంట్ లేదు, భార్యతో, స్నేహితులతో సైగల భాషలో మాట్లాడుకుంటాం, వీడియో కాల్ ఉంది, ఏ లోటూ లేదు. పుత్తూరు అమ్మ గారికి ఒక విన్నపం, పాపకి ఇంప్లాంట్ ఉన్నా సైగలు కూడా నేర్పండి. స్నానానికి, నిద్రకి మిషన్ తీసేశాక తను మళ్లీ నాలాంటిదే కదా. సైగలు నేర్పితే మాటలు రావని చెప్పేవాళ్లు ఉంటారు, భయపడకండి. ఢిల్లీలోని భారతీయ సైగల భాషా కేంద్రం వాళ్ల నిఘంటువు వీడియోలు ఫ్రీగా దొరుకుతాయి.

మామిడితోట గారూ, మీ నాయనకు ఈ వయసులో సైగల భాష నేర్పమని చెప్పను. ఆయనది జీవితమంతా మాట భాష. కానీ ఇంట్లోవాళ్లు మారాలి. అందరూ మిషన్ గురించే మాట్లాడుతున్నారు. పెరట్లోంచి కేకేస్తే ఏ మిషన్ పట్టుకుంటుంది? దగ్గరికి రండి, పేరో వరసో పెట్టి పిలిచి ఆయన చూశాక మాట్లాడండి. వెలుగు మీ మొహం మీద పడాలి, కిటికీకి వీపు పెట్టి నిలబడితే ఆయనకు మీ నోరు చీకట్లో ఉంటుంది. అరవొద్దు, అరిస్తే నోరు వంకర పోతుంది, చూసేవాడికి కోపంగా కనపడుతుంది. అర్థం కాకపోతే అదే మాట మూడుసార్లు చెప్పకుండా మార్చి చెప్పండి, ‘పాలు’ అందకపోతే ‘స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి’ అనండి, మిగతా మాటలు దారి చూపిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, ‘ఏంలేదులే’ అనొద్దు. అందరూ నవ్వుతుంటే ఎందుకని అడిగినవాడికి ‘ఏంలేదులే, తర్వాత చెప్తా’ అని ఎవరూ తర్వాత చెప్పరు. నాకు ఇప్పుడు నలభై దాటింది, చిన్నప్పటి ‘తర్వాత చెప్తా’లు ఇంకా బాకీ ఉన్నాయి.

ఫోన్‌లో లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అని గూగుల్‌ది ఒక యాప్ ఉంది, ఎదుటివాళ్ల మాటని తెలుగు అక్షరాల్లో చూపిస్తుంది. మన చిత్తూరు యాసకి అప్పుడప్పుడు తికమక పడుతుంది గానీ బ్యాంకులో, డాక్టర్ దగ్గర బాగా పనికొస్తుంది.

మామిడితోట (చిత్తూరు):

ఐదు వారాల తర్వాత వస్తున్నా, ఆలస్యానికి ఏమనుకోకండి.

వేలూరు వెళ్లాం. కుడి చెవిలో గుబిలి గడ్డ తీశారు, నాయన దాన్ని చూసి ‘ఇంత సామాను ఎప్పుడు చేరింది’ అన్నాడు. గదిలో మళ్లీ టెస్ట్ చేస్తే కుడి 51, ఎడమ 60. ఇంప్లాంట్ మాటే ఎత్తలేదు, నేనే అడిగితే డాక్టర్ నవ్వి వద్దన్నారు. ఎడమ చెవికి మోల్డ్ చేశారు, కూత పోయింది. మిషన్ సెట్టింగ్ రెండుసార్లు మార్పించాం. ఇంకో చెవికి ట్రయల్‌లో ఉన్నాం, కొనాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. సదరం సర్టిఫికెట్ (వికలాంగులకిచ్చే ధ్రువపత్రం) గురించి కూడా అడిగా. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ కనీసం 60 ఉండాలంట, కాబట్టి మాకు రాదు.

ఇప్పుడు పొద్దున నాలుగైదు గంటలు పెట్టుకుంటున్నాడు. మధ్యాహ్నం తీసేస్తాడు, అలసిపోతానంటాడు, మేం బలవంతం చేయట్లేదు. అమ్మ పెరట్లోంచి కేకలేయడం పూర్తిగా మానలేదు గానీ సగం దారి వరకు నడిచొచ్చి కేకేస్తోంది. చేతిమాట గారి పోస్టు మా ఆవిడ ఇంట్లో అందరికీ చదివి వినిపించింది. నాయనకు ఫోన్‌లోనే చూపించాం, చదివి ఏమీ అనలేదు, కానీ రాత్రి భోజనాల దగ్గర మా తమ్ముడు ఏదో జోకేసి అందరం నవ్వుతుంటే ‘ఏంలేదులే అనకుండా చెప్పండిరా’ అన్నాడు. తమ్ముడు మళ్లీ మొదట్నుంచి చెప్పాడు. రెండోసారి ఎవరికీ నవ్వు రాలేదు, ఆయన ఒక్కడే నవ్వాడు.

ఒక డౌటు. మే నెలలో ఇక్కడ నడివీధి గంగమ్మ జాతర, నాయన ఏటా పోతాడు. ఆ పలకలు, మైకుల మధ్య మిషన్ పెట్టుకోవచ్చా?

రేణిగుంట ప్యాసింజర్:

గుంపులోకి పోయే ముందే తీసేయమను. మెడికల్ షాపులో స్పాంజి ఇయర్‌ప్లగ్‌లు దొరుకుతాయి, రెండు చెవుల్లోనూ పెట్టించు, మిగిలిన వినికిడిని పలకలకి ఇచ్చి రాకూడదు. తీసిన మిషన్ డబ్బాలో పెట్టి నీ దగ్గర ఉంచుకో. చొక్కా జేబులో మాత్రం వేయనివ్వకు. నా రెండో మిషన్ జేబులో ఉండగానే చొక్కాతోపాటు వాషింగ్ మిషన్‌లో పడి, ఎండలో ఆరేశాక దొరికింది.